సగం గొరిగిన గుర్రం, పదకొండు ఫోన్లు

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

గుర్రం బొచ్చు కత్తిరించే మీ క్లిప్పర్ పాడైందని ఈ ఉత్తరం రాయడం లేదు. యంత్రమన్నాక పాడవుతుంది. పదకొండు సార్లు ఫోన్ చేస్తే నా మాట చివరిదాకా విన్న పాపాన ఒక్కరూ పోలేదు, అందుకు రాస్తున్నాను.

మా అమ్మాయి స్వారీ చేస్తుంది, గుర్రాన్ని ముస్తాబు చేసే పని నాది. గుర్రం పేరు చుక్క. పోటీకి పది రోజుల ముందు దాని బొచ్చు కత్తిరించడం మొదలుపెట్టాను. కత్తిరించిన కొత్తలో ఒంటి మీద చాళ్లు తీసినట్టు గీతలు కనిపిస్తాయి. అవి సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే ఆ తొందర. ఎడమ పక్క మెడ, భుజం, పొట్ట అన్నీ అయ్యాయి. కుడి భుజం మీద పెట్టగానే మీ యంత్రం గుర్రుమని ఆగిపోయింది. ఎడమ నుంచి చూస్తే పోటీ గుర్రం, కుడి నుంచి చూస్తే ఎలుగుబంటి.

మొదటి ఫోన్‌లో మీ ఉద్యోగి అడిగిన మొదటి ప్రశ్న, "ఏ జంతువు మేడమ్?" గుర్రం అన్నాను. "లిస్టులో గుర్రం లేదు మేడమ్, కుక్క అని రాసుకోనా?" గుర్రాల క్లిప్పర్ అమ్మే కంపెనీ లిస్టులో గుర్రం లేదు! సరే, రాసుకో నాయనా అన్నాను. నేను చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే. అప్పటినుంచి ఎవరు ఫోన్ ఎత్తినా మీ కుక్క ఏ జాతి అంటారు. ఒకాయన బరువు కూడా అడిగాడు. నాలుగు వందల యాభై కిలోలు ఉంటుందన్నాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత పాట వినిపించింది. ఇరవై నిమిషాలు అదే పాట.

ఇంకొకాయన ఆఫ్ చేసి, ముప్పై సెకన్లు ఆగి, ఆన్ చేయమన్నాడు. గుర్రం పక్కనే ఉంది, బెదురుతుంది, తర్వాత చేస్తానంటే వినడు. "ఇప్పుడే చేయాలి మేడమ్, లేకపోతే తర్వాతి స్టెప్‌కు వెళ్లలేను." ఆ చప్పుడుకు చుక్కను అలవాటు చేయడానికి నాకు మూడు నెలలు పట్టిందని ఆయనకేం తెలుసు? మొదట ఆపి ఉన్న క్లిప్పర్‌ను ఊరికే భుజానికి ఆనించడం, తర్వాత దూరంగా ఆన్ చేసి పెట్టడం, ఆ తర్వాత రోజుకో అడుగు దగ్గరకు తేవడం. ఆయన మాట విని స్విచ్ వేశాను. కీచుమని ఒక అరుపు, చుక్క ఎగిరి గోడకు తగిలింది. ఆయన మాత్రం, "స్టెప్ రెండుకు వెళ్దామా?" అన్నాడు.

ఏడోసారి ఎత్తిన అమ్మాయి, "కత్తిరించేటప్పుడు బొచ్చు తడిగా ఉందా? బ్లేడుకు నూనె వేశారా?" అని అడిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అదీ ప్రశ్నంటే! ముందురోజే కడిగి, బాగా ఆరనిచ్చి, నూనె కూడా వేశానని చెబుతుండగానే లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే వేరే ఎవరో ఎత్తి, కుక్క పేరు అడిగారు.

తొమ్మిదో రోజున "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారో చెబితే దండ వేసి వస్తాను. ఆ రాత్రి మరొకరి క్లిప్పర్ అడిగి తెచ్చుకుని కుడి పక్క పూర్తి చేశాను. తెల్లవారేదాకా తెల్ల కాళ్లు కడగడం, జూలు జడలు అల్లడం, గిట్టలకు నూనె రాయడం. చేయాల్సిందంతా చేశాను. కానీ కుడి వైపు గీతలు గీతలుగానే ఉన్నాయి. మా అమ్మాయి ఏమీ అనలేదు. గుర్రాన్ని ఎడమ వైపే అందరికీ కనబడేలా నిలబెట్టుకుంది.

తొమ్మిదేళ్లుగా మీ రబ్బరు దువ్వెనలు, షాంపూలు, బ్రష్షులు కొంటున్నాను. మీ మెరుపు స్ప్రేను జీను పడే చోట కొట్టకూడదు, జారుతుంది అని మా శాలకు కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ నేర్పింది నేను, మీ సీసా మీది అక్షరాలు కాదు. గుర్రం గుడ్డిదైనా దానా తప్పదన్నట్టు, మీ యంత్రం పనిచేసినా మానినా మా డబ్బు మాత్రం మీకు ముట్టింది.

కొత్త క్లిప్పర్ ఇస్తారో, డబ్బు వాపసు ఇస్తారో మీ ఇష్టం. ముందు గుర్రాన్ని ఒక్కసారైనా దగ్గర నుంచి చూసిన మనిషి చేత నాకు ఫోన్ చేయించండి. వారం చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కోర్టులో కలుద్దాం. అక్కడ కూడా కుక్క అనే రాయిస్తారేమో చూస్తాను. మా శాలలో పదిహేడు గుర్రాలున్నాయి, వాటి యజమానులందరికీ ఈ కథ ఇప్పటికే చెప్పేశాను.

ఇట్లు,
మీ మెసేజ్‌ల ప్రకారం "విలువైన కస్టమర్"

తా.క.: తడి గురించి అడిగిన అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి. వీలైతే ఆమె లైన్ కట్టవకుండా చూడండి.