చెరువు కట్ట మీద గాలానికి చీటీ పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆదివారం వచ్చిందంటే వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల చెరువు కట్టల మీద గాలం వేసేవాళ్లు బారులు తీరి కనిపిస్తున్నారు. ఒకప్పుడు వెదురు కర్ర, దారం, వానపాము ఉంటే సరిపోయేది. ఇప్పుడు రాడ్డు, రీలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని బొచ్చె, రవ్వ, బంగారు తీగ చేపల కోసం పొద్దంతా కూర్చుంటున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. వీళ్లతో పాటే గొడవలూ పెరిగాయి. ఈ మధ్య మా దగ్గరి ఒక చెరువు మీద మత్స్యకార సంఘం సభ్యులకూ, పట్నం నుంచి వచ్చిన యువకులకూ మాటామాటా పెరిగి, రాడ్లు గుంజుకునే దాకా పోయింది. పెద్దమనుషులు సర్దిచెప్పి పంపారు. కానీ ఎవరు వేయొచ్చు, ఎవరిని అడగాలి, ఎంత కట్టాలి అన్నదానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

సంఘం వాళ్ల కోపంలో న్యాయం ఉంది. బొచ్చె, రవ్వ, మ్రిగాల మన చెరువుల్లో వాటంతట అవి పుట్టవు. వాటికి వానాకాలపు నది పారకం కావాలి, నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి, ఆయన తోటి శాస్త్రవేత్తలు చేపల మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ చేపలతో గుడ్లు పెట్టించారు. చేపపిల్లలను పుట్టించే హేచరీలు వచ్చిందీ, ఊరూరి చెరువుకు చేపపిల్లలు అందిందీ ఆ తర్వాతే. ఏటా జూలై 10న మత్స్య రైతుల దినోత్సవం జరుపుకునేది అందుకే. బంగారు తీగ సంగతి వేరు, అది నాచులోనో గడ్డిలోనో గుడ్లు పెట్టుకుని చెరువులోనే పెరగగలదు. ఆ మూడు రకాలు మాత్రం ఎవరో ఒకరు వేలెడంత పిల్లలుగా తెచ్చి వదిలినవే.

మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా ఇస్తోంది. చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. అవి ఆలస్యమైన ఏడు సొంత డబ్బుతో కొనుక్కునే సంఘాలూ ఉన్నాయి. రాత్రుళ్లు కాపలా కాసేది, ఎండాకాలం నీళ్లు తగ్గాక వలలు లాగేది సంఘం వాళ్లే. ఆ నాలుగు నెలల చేపల మీదే ఏడాది గడిపే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు ఎన్నో. వాళ్లు పెంచిన బొచ్చెను ఒక్క మాటైనా అడగకుండా సంచిలో వేసుకుని పోతే కడుపు మండదా?

అలాగని గాలం వేసేవాళ్లను కట్ట ఎక్కనీయకపోవడం కూడా సరికాదు. పద్ధతిగా వేసే గాలానికి రోజంతా కూర్చుంటే ఒకటో రెండో పడతాయి, చాలాసార్లు అవీ పడవు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీళ్లలో మేస్తుంది. రవ్వది నడిమి నీళ్ల మేత. మ్రిగాల, బంగారు తీగ అడుగు బురదను కెలుకుతాయి. ఏ చేపకు ఎంత లోతున ఎర ఉండాలి, పల్లి చెక్కలో తవుడు ఎంత కలపాలి, మక్క పిండి ముద్ద నీళ్లలో ఎంతసేపు నిలుస్తుంది అని చూసుకుంటూ ఓపికగా చేసే వేట అది. ఫోన్ పక్కన పెట్టి పిల్లలు అంతసేపు నీళ్లకేసి చూస్తూ కూర్చోవడం నాకైతే సంతోషంగా ఉంటుంది.

అసలు నష్టం మరో రకం వేటతో జరుగుతోంది. ఒక స్ప్రింగు చుట్టూ నాలుగైదు గాలాలు కట్టి, మధ్యలో పిండి ముద్ద పెట్టి విసిరేస్తారు. ముద్దను చప్పరించడానికి వచ్చిన చేపకు ఏ గాలం ఎక్కడ గుచ్చుకుంటుందో తెలియదు. కన్నులోనో మొప్పలోనో దిగితే ఆ చేపను తిరిగి వదిలినా బతకడం కష్టం. దారం తెగితే అన్ని గాలాలూ చెరువులోనే ఉండిపోతాయి. రేపు వల లాగేవాళ్ల చేతులకు, నీళ్లలోకి దిగే బర్రెలకు తగిలేవి అవే. తెగిన నైలాన్ దారం కొంగల కాళ్లకు చుట్టుకోవడం కట్ట మీద తిరిగేవాళ్లందరూ చూస్తున్నదే. స్ప్రింగు గాలాలను పూర్తిగా ఆపాలి. ఇందులో నేను సర్దుబాటుకు ఒప్పుకోను.

నేను అడిగేది చిన్న ఏర్పాటు. చెరువు మీద హక్కున్న సంఘమే గాలం వేసేవాళ్లకు ఏ రోజుకా రోజు అనుమతి చీటీ ఇవ్వాలి. రుసుం యాభయ్యో వందో వాళ్లే తేల్చుకోవాలి, ఆ డబ్బు సంఘానికే చెందాలి. ఒక మనిషికి ఒక రాడ్డు, ఒకే గాలం. అర కిలో దాటని చేపను అక్కడికక్కడే వదిలేయాలి, అదీ తడి చేతులతో. పొడి చేతులతోనో గుడ్డతోనో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పొర పోయి చేపకు రోగం రావచ్చు. పెద్ద చేపను ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే తూకం వేసి, ఆ రోజు కట్ట మీద ధర ఎంతుంటే అంత కట్టాలి. వెదురు కర్రతో పరకలు, జెల్లలు వంటి చేపలు పట్టుకునే ఊరి పిల్లల్నీ, ముసలివాళ్లనీ మాత్రం చీటీ అడగొద్దు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. హిమాచల్‌ప్రదేశ్‌లో ట్రౌట్, మహసీర్ చేపలకు గాలం వేయాలంటే అక్కడి మత్స్యశాఖ లైసెన్సు ఉండాలి. ఇంగ్లండ్‌లో 13 ఏళ్లు నిండినవాళ్లెవరైనా మంచినీటి చేపలకు గాలం వేయాలంటే ప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలి, చాలా చెరువులకు ఆ రోజు టికెట్ వేరే. మనం బంగారు తీగ అనే చేపనే అక్కడ గంటల తరబడి కాచుకుని పట్టి, తూచి, ఫొటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేస్తారు.

చీటీ వల్ల సంఘానికి ఇంకో లాభం ఉంది. చెరువుల్లో విషపు మందు కలిపేవాళ్లు, తోటాలు పేల్చేవాళ్లు ఇంకా ఉన్నారు. 1897 నాటి భారత మత్స్య చట్టమే ఈ రెండింటినీ నేరమంది. ఇన్నేళ్లయినా ఆగకపోవడానికి కారణం, ఆ సమయంలో కట్ట మీద చూసేవాడు లేకపోవడమే. తెల్లారకముందే వచ్చి కూర్చునే గాలం వేటగాళ్ల దగ్గర సంఘం ఫోన్ నంబరు ఉంటే ఖర్చు లేని కాపలా దొరికినట్టే.

ఒక్క చోట మాత్రం ఎవరికీ చీటీ ఇవ్వకూడదు. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకేటప్పుడు చేపలు పారకానికి ఎదురెక్కుతాయి. జనం ఎగబడేది అప్పుడే, రాళ్ల మీద నాచుకు కాలు జారి కొట్టుకుపోయేదీ అప్పుడే. ఆ రోజుల్లో మత్తడి దరిదాపుల్లో వేట మొత్తం బంద్ పెట్టాలి. పాఖాల వంటి అభయారణ్యం చెరువులను కూడా ఈ ఏర్పాటులోకి తేవద్దు, అక్కడ అటవీశాఖ నియమాలే నడవాలి.

మిగిలిన పెద్ద చెరువుల్లో ఒకటి రెండింటిని ఎంచుకుని, ఈ చలికాలంలోనే మొదలుపెట్టి చూడమని జిల్లా మత్స్యశాఖ అధికారులను కోరుతున్నాను. చిన్న చెరువులైతే గ్రామ పంచాయతీనీ కూర్చోబెట్టాలి. సంఘాల పెద్దలతో సమావేశం పెట్టిన రోజు గాలం వేసేవాళ్లను కూడా పిలిస్తే మేం వస్తాం, మా వంతు నియమాలు రాసిస్తాం.

ఇట్లు,
గాలం వేసే ఒక పాఠకుడు,
హనుమకొండ