నాఫ్‌ప్లియో మెట్ల మీద గొడుగు పట్టిన పెద్దావిడకు

అందరికీ నమస్కారం. రాత్రి పదకొండున్నరయింది. అమ్మ పడుకుంది, ఇందాకే రెండోసారి లేపి నీళ్లు తాగించాం. నాకు నిద్ర పట్టడం లేదు. తెల్లారితే సగం మరిచిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

ఫోన్లు చేసినవాళ్లందరికీ ముందుగా ఒక మాట: అమ్మ బాగుంది. వడదెబ్బ అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తీసుకొచ్చింది ఒక పెద్దావిడ. పేరు తెలీదు. డెబ్భై దాటి ఉంటాయి, నల్ల గౌను, చేతిలో బట్ట సంచి, బూడిదరంగు గొడుగు. ఆవిడకు తెలుగు రాదు, ఇది చదవదు. అయినా ఆవిడ చేసింది చేసినట్టుగా పదిమందికీ తెలియాలి.

నాఫ్‌ప్లియో ఏథెన్స్ నుంచి బస్సులో దాదాపు రెండున్నర గంటల దూరం. 1834లో రాజధాని ఏథెన్స్‌కు మారేదాకా కొత్త గ్రీసు దేశానికి ఈ చిన్న రేవు పట్టణమే రాజధాని. ఊరి నెత్తిన 216 మీటర్ల కొండ, దాని మీద 1711–1714 మధ్య వెనిస్ వాళ్లు కట్టిన కోట, పాలమీది. మన చెవికి పాల మీది మీగడలా వినిపిస్తుంది గానీ అది పాలమీడిస్ అనే గ్రీకు పురాణ వీరుడి పేరు. మెట్లు 999 అని చెబుతారు. లెక్కపెట్టినవాళ్లకు అన్ని రావు. తక్కువైనా అవి మన కొండగుళ్ల మెట్ల లాంటివి కావు. పైన రేకు కప్పు ఉండదు, దారిలో మజ్జిగ అమ్మేవాళ్లుండరు, కుళాయి ఉండదు. రాయి అరిగి నున్నగా ఉంటుంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో చెబుతాను, ఇంకొకరు చేయకుండా ఉంటారు. మెట్లు కొండకు పడమటి వైపు, ఊరికి ఎదురుగా ఉన్నాయి. పొద్దున కొండే వాటికి నీడ. మధ్యాహ్నం దాటితే ఎండంతా వాటి మీదే, పక్కనున్న రాతిగోడ కూడా వేడి చిమ్ముతుంది. మేం ఎక్కడం మొదలుపెట్టింది ఒంటిగంటన్నరకు. బస్సులో మరుగుదొడ్డి ఉండదని అమ్మ పొద్దుటి నుంచీ నీళ్లు తాగడం మానేసింది. మన ఆడవాళ్లు ప్రయాణంలో చేసే పనే ఇది, పక్కనున్న మనం కనిపెట్టం. పైగా అమ్మ వేసుకునే బీపీ మాత్రలో ఒంట్లో నీరు లాగేసే మందు కూడా ఉంది. కట్టుకున్నది గాలాడని సిల్కు చీర. నలుగురికీ కలిపి అర లీటరు సీసా. రెండు వందల మెట్లు దాటేసరికి పిక్కలు పట్టేశాయి, చెమట చల్లగా పట్టింది, కళ్లు తిరుగుతున్నాయంటూ కూలబడిపోయింది.

ఆ పెద్దావిడ పైనుంచి దిగుతూ వచ్చింది. మమ్మల్ని ఏమీ అడగలేదు. ముందు అమ్మ నుదురు, తర్వాత మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది. ఆ చూడడం ఎందుకో తర్వాత మందుల షాపులో చెప్పారు. చర్మం చల్లగా, చెమటగా ఉండి, మనిషి సరిగ్గా మాట్లాడుతుంటే నీడ, నీళ్లు, విశ్రాంతితో తేరుకుంటారు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా అంబులెన్సు కోసం 112కో 166కో ఫోన్ చేయాలి.

నీడ లేదు కాబట్టి గొడుగు విప్పింది. అమ్మను గోడవారగా పడుకోబెట్టి మా బ్యాగు కాళ్ల కింద పెట్టించింది. గొడుగును అడ్డం తిప్పి, మగవాళ్లను అటు తిరగమని సైగ చేసి, జాకెట్టు హుక్కులు వదులు చేసింది. తలకు కట్టుకున్న తన గుడ్డ విప్పి, తడిపి, మెడ మీదా చంకల్లోనూ అద్దింది. నేను సీసా ఎత్తి తాగించబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మూతలో పోసి ఒక మూత, కాసేపాగి ఇంకో మూత. ఒక్కసారిగా పడితే వాంతి అవుతుంది, అయితే ఉన్న నీళ్లూ పోతాయి. సంచిలోంచి ఉప్పు ఆలివ్‌లు తీసి గింజలు వలిచి రెండు నోట్లో పెట్టింది. చెమటతో పోయిన ఉప్పు వట్టి నీళ్లతో తిరిగి రాదు కదా.

ఇదంతా అయ్యేదాకా, అంటే అరగంట పైనే, గొడుగు అమ్మ మీదే ఉంది, ఆవిడ తల ఎండలో. చెయ్యి వణుకుతోంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు, కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకుంది. మాటిమాటికీ అమ్మ మొహంలోకి వంగి "ఎలా, ఎలా" అంటోంది. ఎలా ఉందని అడుగుతోందనుకుని అమ్మ ప్రతిసారీ "బాగానే ఉందక్కా" అని జవాబిస్తోంది. గ్రీకులో "ఎలా" అంటే "రా" అని అర్థమట. కళ్లు మూతలు పడుతున్న మనిషిని రా, రా అని పిలుస్తోందన్నమాట. ఆ సంగతి సాయంత్రం తెలిసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు ఆగలేదు.

దింపడం కూడా ఆవిడ పద్ధతే. పైకి పోవడం కంటే దిగడం దగ్గర కాబట్టి కిందికే. మనం పడేవాళ్లను వెనక నుంచి పట్టుకుంటాం. ఆవిడ ఒకరిని అమ్మకు ముందు, ఒక మెట్టు కింద నిలబెట్టింది, జారితే ఆ మనిషి భుజం మీద పడేట్టు. అమ్మ కొంచెం పక్కకు తిరిగి, గోడ పట్టుకుని, రెండు పాదాలూ ఒకే మెట్టు మీద ఆనాకే తర్వాతి మెట్టు. ఇరవై మెట్లకొకసారి ఆగడం. "సిగా సిగా" అంటూ, అంటే మెల్లగా మెల్లగా. కిందికి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఈరోజు బుధవారం. ఇక్కడ బుధవారం మధ్యాహ్నం రెండున్నర దాటితే మందుల షాపులు చాలావరకు మళ్లీ సాయంత్రం తెరవవు. ఆకుపచ్చ శిలువ బోర్డు చూసి వెళ్లిన రెండు షాపులకూ తాళాలే. తలుపు మీద ఆరోజు డ్యూటీలో ఉండే షాపు పేరు అంటిస్తారు, కానీ రాసింది గ్రీకు అక్షరాల్లో. అదీ ఆవిడే చదివి, అక్కడికి తీసుకెళ్లి, మేం లోపలికి వెళ్లాక బయట అరుగు మీద కూర్చుంది. బీపీ చూశారు, తక్కువగా ఉంది. లవణాల పొట్లాలు ఇచ్చారు. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే మేలు కంటే కీడే ఎక్కువని రెండుసార్లు చెప్పారు. అమ్మ మాత్రల పేరు చెబితే ఎవరికీ అర్థం కాలేదు, అది మన దేశపు కంపెనీ పేరు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూపించగానే అర్థమైంది. అమ్మానాన్నలతో వచ్చేవాళ్లు ఆ అసలు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. బిల్లు అడిగి తీసుకోండి.

బిల్లు అంటే గుర్తొచ్చింది. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్సు లేనిదే షెంగెన్ వీసా ఇవ్వరు, కట్టాం. ఆ మెట్ల మీద నుంచి ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అంటూ ఇరవై రెండు నిమిషాలు పాట వినిపించారు. చివరికి దొరికిన మనిషి అడిగిన మొదటి ప్రశ్న, ముందుగా అనుమతి తీసుకున్నారా అని. కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు ముందుగా అనుమతి ఎలా తీసుకుంటారు? మాకు ప్రయాణం ప్లాను వేసిచ్చినవాళ్లూ అంతే. పెద్దవాళ్లున్నారని చెప్పినా "2 గంటలకు కోట, మెట్ల మార్గం" అని రాశారు. కోటకు వెనక నుంచి కారు రోడ్డుంది, ఊళ్లోంచి దాదాపు మూడు కిలోమీటర్లు, ట్యాక్సీ పై ద్వారం దగ్గరే దింపుతుంది. ఆ ఒక్క ముక్క రాయలేకపోయారు. ఆ రోడ్డున వెళ్లేవాళ్లు దిగిరావడానికి కూడా ట్యాక్సీ ముందే మాట్లాడుకోండి, పైన ఖాళీగా దొరకవు. కోట లోపల కూడా ఎక్కుడు దిగుడులే, నీడ తక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సముద్రం పక్కనే ఇంకో చిన్న కొండ కింద ఉండే అర్వానిటియా బాట నయం. కిలోమీటరు దూరం, చదునుగా ఉంటుంది. రాళ్లు జారే భయముంటే మూసేస్తారు, కనుక్కుని వెళ్లండి.

తమ్ముడు, మరదలు ఉన్నారు కాబట్టి చేతికింద పని జరిగింది. ఇంటివాళ్లకు వేరే చెప్పేదేముంది.

ఆవిడకు డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. అమ్మ తన సంచిలోంచి కుంకుమ భరిణె తీసి ఇస్తే మాత్రం తెరిచి చూసి, వాసన చూసి, గుండెకు ఆనించుకుని తీసుకుంది. అమ్మ చెంపలు రెండూ నిమిరి వెళ్లిపోయింది.

మందుల షాపులో తెల్లకోటు వేసుకున్న అమ్మాయికి కృతజ్ఞతలు. మెట్ల మీద మా సామాను మోసిన ఇద్దరు కుర్రాళ్లకు కూడా, ఏ దేశమో అడగలేదు. పై అంతస్తు గది మార్చి కింద గది ఇచ్చిన బస యజమానికి. ఏథెన్స్‌లో చదువుకుంటున్న మన తెలుగబ్బాయికి, ఫోన్‌లోనే గంటసేపు గ్రీకు తెలుగులోకి, తెలుగు గ్రీకులోకి చెప్పాడు, "ఎలా" అర్థం చెప్పిందీ తనే. ఆ బాబు పేరు పైన రాయాల్సింది, వద్దన్నాడు.

అయ్యో, బేకరీ ఆయన్ని మరిచాను. గుడ్డలో ఐసు కట్టి ఇచ్చారు. రాత్రి భోజనానికి మాంసం, పాలు, గుడ్డు లేనిది కావాలంటే "నిస్తీసిమో" అని అడగమని, అది వాళ్ల ఉపవాసపు వంట అని చెప్పిందీ ఆయనే. టమాటా గుజ్జులో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు దొరికాయి, అమ్మ నాలుగు చెంచాలు తింది.

గొడుగు మా దగ్గరే ఉండిపోయింది. బస్సు పదింటికి. ఏడింటికి మెట్ల కిందికి వెళ్లి నిలబడతాను. ఆవిడ రాకపోతే పక్కనున్న పత్రికల కొట్టులో ఇస్తాను, నల్ల గౌను పెద్దావిడంటే వాళ్లకు తెలియకపోదు.