నా కారు నా ఇష్టం అంటే కుదరదు

సంపాదకులకు నమస్కారం.

2025లో బెంగళూరు రవాణా అధికారులు ఖరీదైన కార్ల వెంట పడ్డ సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరిలో పన్ను కట్టకుండా వేరే రాష్ట్రాల నంబర్లతో తిరుగుతున్న 30 కార్లను పట్టుకున్నారు. జూలైలో మహారాష్ట్ర నంబరున్న ఒక ఎర్ర ఫెరారీకి రూ.1.41 కోట్ల పన్ను కట్టించుకున్నారు. మంచి పనే. అయితే పన్ను కట్టేశాక ఆ కారుతో ఏం చేసినా అడిగేవాళ్లు ఉండరా అన్నది నా అనుమానం.

నాది హిందూపురం. 26 ఏళ్లుగా ఇక్కడ బెంగళూరులో మెకానిక్‌ని. మొదట సర్వీస్ సెంటర్లో చేశాను, ఇప్పుడు జె.సి. రోడ్డు దగ్గర సొంత షెడ్డు ఉంది. వారంటీ దాటిన పెద్ద కార్లు, కంపెనీ వాళ్లకు చూపిస్తే గుట్టు బయటపడుతుందని భయపడే కార్లు మా దగ్గరికి వస్తుంటాయి. వాటిని చూస్తే నాకు జాలేస్తుంది. నవ్వుకోండి, నిజమే చెబుతున్నా.

ఆదివారం తెల్లారి ఐదింటికి నంది కొండకు బయల్దేరే కారు సంగతే తీసుకోండి. రాత్రంతా నిలబడి ఉంటుంది కాబట్టి ఆయిల్ చిక్కబడి అడుగుకు దిగి ఉంటుంది. అది వేడెక్కి పైదాకా సరిగ్గా అందేవరకు నెమ్మదిగా నడపాలి. మనవాళ్లు సెల్ఫ్ కొట్టగానే బేస్‌మెంట్ అదిరిపోయేలా ఎక్సలేటర్ తొక్కుతారు, పక్కన ఒకడు ఫోన్లో వీడియో తీస్తుంటాడు. లోపల బేరింగులు ఎంత అరిగాయో వీడియోలో కనపడదు కదా. ఇంకొందరైతే నెలల తరబడి కవరు కప్పి వదిలేస్తారు. బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకే చోట నొక్కుకుపోయి చదునవుతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. టైర్లు మార్చాలి సార్ అంటే సెకండ్ హ్యాండ్‌వి దొరకవా అని అడిగిన కోటీశ్వరుడిని నేను చూశాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటమంటే ఇదే.

2022 సెప్టెంబరు వానలకు యెమలూరు విల్లాల్లో కోట్ల రూపాయల కార్లు నీళ్లలో మునిగాయి. వాన ఎవరి తప్పూ కాదు. కానీ ఆ వారం మా షెడ్డుకు వచ్చిన ఒక కారు మాత్రం వానకు పాడవలేదు. నీళ్లు తీశాక డ్రైవర్, మా కదిరి వైపు కుర్రాడు, ‘సార్, సెల్ఫ్ కొట్టొద్దు, టోయింగ్ బండి పిలుద్దాం’ అన్నాడట. ఓనర్ వినకుండా నాలుగుసార్లు బటన్ నొక్కాడు. సిలిండర్లోకి నీళ్లు చేరాక పిస్టన్ పైకి రావాలంటే నీళ్లు నలగవు కాబట్టి పిస్టన్‌ను నడిపే కడ్డీ, అదే కనెక్టింగ్ రాడ్, వంగిపోతుంది. నేను కింద బోల్టు విప్పితే ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగులో కారింది. నీళ్లలో సెల్ఫ్ కొట్టి పాడుచేసుకున్న ఇంజిన్‌కు మామూలు పాలసీ వర్తించదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకుని ఉండాలి. ఆయన తీసుకోలేదు. ఆ కోపమంతా ఎవరి మీదకు పోయింది? బండి సరిగ్గా చూసుకోలేదని డ్రైవర్‌కు రెండు నెలల జీతం ఆపేశారు. ‘అన్నా, నేను వద్దన్నానన్న మాట నువ్వన్నా చెప్పు’ అని ఆ పిల్లాడు నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను చెప్పాను. ఓనర్ బిల్లు కట్టి, మళ్లీ మా షెడ్డు వైపు రాలేదు.

నా కారు, నా డబ్బు, నా ఇష్టం అంటారు. ఇంజిన్ వరకే అయితే సరే అందును.

పోయిన ఏడాది మా ఆవిడకు ఆపరేషన్ అయి ఊరి నడిబొడ్డున ఒక ఆసుపత్రిలో ఉంది. రాత్రి పదకొండున్నర దాటాక కింద రోడ్డు మీద టపటపా పేలుళ్లు. పక్క మంచం మీది అవ్వ ఉలిక్కిపడి లేచి ‘దీపావళి వచ్చేసిందా నాయనా?’ అంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. కంపెనీ నుంచి వచ్చిన కారు అలా అరవదు. పొగలోని విషవాయువులను తగ్గించడానికి పైపులో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి ఖాళీ పైపు వేస్తారు, కొంత పెట్రోలు ఇంజిన్లో కాలకుండా సైలెన్సర్లో కాలేలా కంప్యూటర్ సెట్టింగ్ మారుస్తారు. ఆ పని మాలాంటి షెడ్లలోనే జరుగుతుంది. పదేళ్ల కిందట నేనూ రెండు కార్లకు చేశాను, డబ్బుకు ఆశపడ్డాను. ఆ రాత్రి వార్డులో కూర్చుని తల దించుకున్నాను.

చట్టం లేదా అంటే ఉంది. ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించవచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అలా ప్రకటించిన చోట రాత్రి పది దాటితే చప్పుడు 40 డెసిబెల్స్‌కు మించకూడదు, మనం మామూలుగా మాట్లాడుకునే గొంతు కూడా దానికంటే పెద్దదే. బండిని ఇలా మార్పించిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ అని 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చారు. కోట్ల కారున్న వాడికి ఐదు వేలంటే లెక్కా? ఒక పూట హోటల్ బిల్లు. అందుకే కారు ఆపి, కంపెనీ సైలెన్సర్ తిరిగి బిగించేదాకా వదలకూడదు. చలానా స్టీరింగ్ ముందున్న డ్రైవర్ చేతిలో పెట్టి పంపేయకుండా, రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషినే స్టేషన్‌కు పిలిపించాలి. మారుతి నడపడానికి ఇచ్చిన లైసెన్సుతోనే 700 హార్స్‌పవర్ బండినీ నడిపేయొచ్చన్నది ఇంకో వింత, దాని గురించి విడిగా ఒక ఉత్తరం రాయాలి.

రవాణా శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక్కటే మనవి. ఈసారి తనిఖీకి దిగినప్పుడు పన్ను రసీదు చూసి ఊరుకోకండి, రాత్రిపూట సెయింట్ మార్క్స్ రోడ్డులో, విఠల్ మాల్యా రోడ్డులో నిలబడి కారు కిందకు కూడా వంగి చూడండి. ఖాళీ పైపును ఎలా గుర్తుపట్టాలో చూపించడానికి మా షెడ్డు కుర్రాళ్లను పంపిస్తాను. కూలి అడగం.

– ఒక మెకానిక్, జె.సి. రోడ్డు, బెంగళూరు