గర్భిణుల పరీక్షల్లో సీసాన్నీ చేర్చండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ప్రతి నెలా 9వ తేదీన పీహెచ్‌సీల్లో గర్భిణులకు హిమోగ్లోబిన్, షుగర్, మూత్రం, హెచ్‌ఐవీ పరీక్షలు చేస్తున్నారు. ఆ జాబితాలో సీసం (లెడ్ అనే విష లోహం) పరీక్ష లేదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తల్లీబిడ్డల వైద్యం, ల్యాబ్ పని చేసే మేము దాన్ని చేర్చమని అడుగుతున్నాం.

సీసానికి కడుపులోని మాయ (ప్లాసెంటా) అడ్డు కాదు. తల్లి రక్తంలో ఎంత ఉందో బొడ్డుతాడు రక్తంలోనూ దాదాపు అంతే ఉంటుంది. పైగా చిన్నప్పుడు ఒంట్లో చేరిన సీసం దశాబ్దాలపాటు ఎముకల్లోనే ఉంటుంది. కడుపులో బిడ్డకు కాల్షియం కావాల్సి వచ్చి తల్లి ఎముక కరిగినప్పుడు అదీ బయటికొస్తుంది. అందుకే ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్న ఆమెకు భయం లేదనుకోకూడదు. బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండా కాన్పు కావడం ఒక ఎత్తు, మెదడుకు జరిగే నష్టం ఇంకో ఎత్తు. పుట్టిన రోజున ఆ నష్టం కంటికి కనపడదు. బడికెళ్లే వయసులో చదువు అంటకపోతే అప్పుడు బిడ్డనే తిడతాం!

సీసం ఎక్కణ్నుంచి ఒంట్లో చేరుతోందో తెలియాలంటే రక్తం తీసేముందు ఏఎన్‌ఎం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా పాత బ్యాటరీలు విప్పడం, పెయింటింగ్, సోల్డరింగ్ పని చేస్తారా? ఆ బట్టలు ఇంటికి తెచ్చి అందరి బట్టలతో కలిపి ఉతుకుతారా? ఇత్తడి గిన్నెలకు కళాయి ఎక్కడ పూయించారు? (తగరం ధర ఎక్కువని అందులో సీసం కలిపేవాళ్లున్నారు. చింతపండు పులుసు కాస్తే ఆ సీసం పులుసులోకి దిగుతుంది.) విడి పసుపు కొంటారా? రంగు కోసం లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న పసుపు రంగు) కలిపే మోసం ఉంది. మన్ను తినాలనిపిస్తోందా? ఈ చివరిది సిగ్గుపడి చెప్పరు, అత్తగారు పక్కన లేనప్పుడు అడగాలి.

పరీక్షలో ఎక్కువగా జరిగే పొరపాటు ట్యూబు దగ్గరే. రక్తంలోని సీసం దాదాపు మొత్తం ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది కాబట్టి సీరం (కణాలు తీసేసిన రక్తద్రవం) పంపితే లాభం లేదు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ ట్యూబులో పూర్తి రక్తం కావాలి, ఆ ట్యూబులు లోహాల పరీక్షకు పనికొచ్చేవై ఉండాలి. వేలి చుక్కతో చేసే చిన్న యంత్రాలున్నాయి గానీ, చేయి సబ్బుతో కడగకపోతే చర్మం మీది ధూళే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ వస్తే నరం నుంచి తీసి మళ్లీ చూడాల్సిందే.

రక్తంలో సీసం డెసిలీటరుకు (100 మి.లీ.) 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకంటే తక్కువైతే క్షేమమని కాదు. 45కి చేరితే పెద్దాసుపత్రికి పంపాలి. మధ్యలో ఉన్నవాళ్లకు మందు మీ చేతిలోనే ఉంది. ఐరన్, కాల్షియం తక్కువైన ఒంట్లోకి సీసం ఎక్కువ ఎక్కుతుంది. ఆ మాత్రలు ఇప్పటికే ఇస్తున్నారు, కానీ రెండూ ఒకేసారి మింగితే ఐరన్ సరిగా ఒంటపట్టదు. కనీసం రెండు గంటల తేడా ఉండాలని ఆశా కార్యకర్తలతో చెప్పించండి. తల్లిపాలు మాత్రం భయంతో మాన్పించవద్దు, 40 లోపు ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు.

మొదట తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో తొలి పరీక్షకు వచ్చేవాళ్లతో మొదలుపెట్టండి. ఎక్కువ వచ్చిన ఇంటి పసుపును ఆహార భద్రతా అధికారులు, ఇంటి పక్క బ్యాటరీ షెడ్డును కాలుష్య నియంత్రణ మండలి వారంలోగా తనిఖీ చేసేలా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల వైద్యులు, ల్యాబ్ సిబ్బంది