శ్రావణం నుంచి ఫొటోలు తక్కువ ఇస్తాను, కారణం ఇదీ

నమస్తే. హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో ఇప్పటిదాకా నాతో ఫొటోలు తీయించుకున్న కుటుంబాలకు, రాబోయే శ్రావణానికి తేదీలు అడిగి పెట్టుకున్నవాళ్లకు ఈ కబురు. శ్రావణం నుంచి నా పద్ధతి మారుతోంది. ఒక ఫంక్షన్‌కు ఏడెనిమిది వందల ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడం మానేస్తున్నాను. ఏరి, ఒక్కోదాని మీద కూర్చుని ఎడిట్ చేసిన 150 ఫొటోలు ఇస్తాను. అందులో మీరు ఎంచుకున్న 20 ఫొటోలకు ప్రింట్లు కూడా వేయించి ఇస్తాను. రేటు పెరుగుతోంది. పెళ్లిళ్లు ఇక ఒప్పుకోను.

ముందు పెళ్లిళ్ల సంగతి. నాది ఫుల్‌టైమ్ స్టూడియో కాదని మీలో చాలామందికి తెలుసు. వారమంతా ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. శనివారం సాయంత్రం, ఆదివారం, పండుగ సెలవులు కెమెరాకు. ఎడిటింగ్ రాత్రి భోజనాలయ్యాక. మన దగ్గర లగ్గం అంటే ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా ఒక్కడు మోయగలిగే పని కాదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఒక కెమెరా పెళ్లికూతురు, పెళ్లికొడుకు మీద ఉండాలి, ఇంకొకటి కన్నవాళ్ల ముఖాల మీద ఉండాలి. వీడియో, డ్రోన్, ఎల్‌ఈడీ స్క్రీన్, ఆల్బమ్ డిజైన్ అన్నీ కలిపితే నలుగురైదుగురి టీమ్ కావాలి. ముహూర్తం బుధవారం రాత్రి పడిందంటే గురువారం పొద్దున ఆఫీసు టెన్షన్ నాకు, ఫొటోల టెన్షన్ మీకు. నాకు తెలిసిన మంచి స్టూడియోల పేర్లు అడిగితే చెబుతాను, అందులో నాకు కమీషన్ ఏమీ ఉండదు. తొట్టెల, ఇరవై ఒకటో రోజు, పుట్టినరోజు, శ్రీమంతం, ఒడిబియ్యం, శారీ ఫంక్షన్, పంచెల ఫంక్షన్, గృహప్రవేశం, షష్టిపూర్తి, ఇంటిల్లిపాది ఫొటోలు మాత్రం ఎప్పటిలాగే సంతోషంగా తీస్తాను. వారానికి ఒక్కటే.

ఇక 150 సంగతి. డబ్బులు ఎక్కువ, ఫొటోలు తక్కువ అంటే ఎవరికైనా మనసు ఒప్పదు. అందుకే జరిగిన విషయం ఒకటి చెబుతాను.

మొన్న ఎండాకాలంలో ఒక పాత కస్టమర్ ఫోన్ చేశారు. వాళ్లింట్లో పెద్దాయన పోయారు. పెద్దకర్మకు ఫ్రేమ్ కట్టించాలి, ఫొటో కావాలి. వాళ్ల దగ్గర ఉన్నది ఒక గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించిన ముఖం. అది కూడా వాట్సాప్‌లో నాలుగైదు చేతులు మారి వచ్చింది. ఫ్రేమ్ షాపులో పెద్దది చేసి చూస్తే కళ్లూ మీసమూ అలుక్కుపోయాయట. కొన్నేళ్ల కింద వాళ్ల పాప తొట్టెల ఫంక్షన్ తీసింది నేనే. పాత హార్డ్ డిస్క్ వెతికితే, ఆయన తొట్టెల పక్కన కుర్చీ వేసుకుని, తాడు చేతికి చుట్టుకుని ఊపుతున్న ఫొటో దొరికింది. భుజాన తెల్ల కండువా, కిటికీలోంచి వెలుతురు, చూపంతా పాప మీదే. పెద్ద ప్రింటుకు నిక్షేపంగా సరిపోయింది.

నన్ను కదిలించిన విషయం ఏమిటంటే, ఆ ఫొటో అప్పుడు నేనిచ్చిన పెన్‌డ్రైవ్‌లోనూ ఉంది. ఇంట్లో ఎవరూ చూడలేదు. ఎనిమిది వందల ఫొటోల్లో సగం స్టేజీ మీద ఒకే తీరుగా నిలబడ్డ బంధువులవి. వంద దాకా చూసేసరికి ఎవరికైనా ఓపిక అయిపోతుంది. మిగతావి కంప్యూటర్‌లోనే పడి ఉంటాయి. ఫొటోగ్రాఫర్ పనిలో సగం ఏరడమే అని నేను గట్టిగా నమ్ముతాను. ఒకే క్షణానికి నాలుగు ఫొటోలుంటే, ఎవరి కళ్లు మూతపడలేదో, ఎవరి నవ్వు నిజమైనదో చూసి ఒకటి ఉంచి మూడు తీసేయాలి. ఆ మూడు తీసేసే బాధ్యత నాది. మీ మీద వేయకూడదు.

అలాగని బంధువుల పట్టింపులు నాకు తెలియనివి కావు. మేనమామ బట్టలు పెట్టిన ఫొటో రాకపోతే ఆ మాట ఏళ్ల తరబడి నడుస్తుంది. అందుకని స్టేజీ ఎక్కి అక్షింతలు వేసిన ప్రతి కుటుంబానికీ ఒక ఫొటో వేరే ఫోల్డర్‌లో ఇస్తాను. అవి ఈ 150లో లెక్క కాదు. వెలుతురు, రంగు సరిచేసి ఇస్తాను, అంతకుమించి చేయను. ఇంకో పని కూడా కొత్తగా పెట్టుకున్నాను. ఫంక్షన్ మొదలయ్యే ముందు ఒక పావుగంట నాకివ్వండి. ఇంట్లో ఉన్న అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలను ఒక్కొక్కరినీ కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫ్లాష్ లేకుండా, తీరిగ్గా ఒక ఫొటో తీస్తాను. వచ్చేవాళ్ల హడావుడి మొదలయ్యాక అది కుదరదు. పెద్దవాళ్లు ముందు వద్దంటారు, తర్వాత కొంగు సర్దుకుని, కళ్లజోడు తీయాలా ఉంచాలా అని అడుగుతారు. ఉంచమనే చెబుతాను. రోజూ పెట్టుకునేది కదా, అదే వాళ్ల ముఖం.

ఎడిటింగ్ విషయంలో నాకొక నియమం ఉంది. “అమ్మాయిని కొంచెం తెల్లగా చేయండి” అని దాదాపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. అది చేయను. మొటిమ ఉంటే తీస్తాను, నిద్రలేక కళ్ల కింద వచ్చిన నలుపు తగ్గిస్తాను, గోడ మీద పడ్డ వైరు తుడిచేస్తాను. చామనఛాయను మాత్రం మార్చను. ఆ పాప పెద్దయ్యాక ఫొటో చూసుకుని, నా రంగు వీళ్లకు నచ్చలేదా అనుకోకూడదు. పనిపరంగా కూడా ఒక కారణం ఉంది. మన చర్మం రంగూ బంగారం రంగూ నారింజ, పసుపు ఛాయల్లోనే పక్కపక్కన ఉంటాయి. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఛాయను వెలిగిస్తే ముఖంతో పాటు మెడలోని హారం కూడా పాలిపోయి, బంగారం కాస్తా ఇత్తడిలా కనబడుతుంది. పట్టుచీర అంచు జరీ కూడా అంతే. అసలు రంగు బాగా రావాలంటే ఎడిటింగ్ కన్నా వెలుతురు ముఖ్యం. ఈ మధ్య ఫంక్షన్ హాళ్లలో స్టేజీకి ఊదా, నీలం ఎల్‌ఈడీ లైట్లు పెడుతున్నారు. ముఖం మీద ఊదా వెలుతురు ఒక్కటే పడితే, మిగతా రంగుల సమాచారం కెమెరాకు అందనే అందదు. తర్వాత ఎంత కూర్చున్నా అది తిరిగి రాదు. డెకరేషన్ వాళ్లతో ఒక్క మాట చెప్పండి: వెనక గోడకు ఏ రంగైనా వేసుకోమనండి, మనుషుల మీద మాత్రం మామూలు తెల్ల లైట్లు పెట్టమనండి.

రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా దాచే ముడి ఫైళ్లు, ఇవ్వమని అడిగేవాళ్లున్నారు. నేను తీసేదంతా రాలోనే. జెపెగ్‌లో, అంటే మామూలు ఫొటో ఫైలులో, ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, నా కెమెరా తీసే 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. అందుకే నీడలో పడ్డ ముఖాన్ని తర్వాత వెలుగులోకి తేగలుగుతున్నాను. కానీ అది ఫొటోకు ముడిసరుకు మాత్రమే, మామూలు ఫోన్‌లో సరిగ్గా తెరుచుకోదు కూడా. కాబట్టి రా ఫైళ్లు ఇవ్వను. పూర్తి సైజు జెపెగ్‌లు, ఏ లోగో లేకుండా, మీకే.

ఆ పూర్తి సైజు పోకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది. నా ఫొటో 6000 పిక్సెళ్ల పొడవు, 4000 పిక్సెళ్ల వెడల్పు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు సుమారు 1600కు కుదించుకుపోతుంది. మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలని లెక్క వేసుకుంటే, అసలు ఫైలుతో 20 అంగుళాల ప్రింటు వస్తుంది, వాట్సాప్‌లో వచ్చినదానితో అయిదున్నర అంగుళాలు కూడా రాదు. స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఇంకా తగ్గుతుంది. కాబట్టి స్టేటస్‌కు ఎలా పెట్టుకున్నా పర్వాలేదు, ప్రింటుకు పంపేటప్పుడు మాత్రం డాక్యుమెంట్‌గా పంపండి. స్టేటస్ కోసమే 15 ఫొటోలు రెండు రోజుల్లో పంపిస్తాను. మొత్తం సెట్ నాలుగు వారాలకు, లింకు రూపంలో. ఆ లింకు 60 రోజులు పనిచేస్తుంది.

దాచుకోవడం గురించి కూడా చెప్పాలి. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నైనా ఉచితంగా పెట్టుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నిటికీ కలిపి 15 జీబీ. ఎనిమిది వందల ఫొటోలు ఒక్కోటి 10 ఎంబీ చొప్పున వేసినా సగం పైగా నిండిపోతుంది. 150 అయితే ఒకటిన్నర జీబీలో సరిపోతాయి. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు. వాడకుండా ఏళ్లకేళ్లు బీరువాలో పడి ఉంటే అందులోది చెరిగిపోవచ్చు. ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో, ముఖ్యమైనవి ప్రింట్లుగా ఉంచుకోండి. నేను మీ ఫొటోలను రెండు వేర్వేరు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో, రెండేళ్లు ఉంచుతాను. ప్రింట్లు ప్యాకేజీలో కలిపింది కూడా ఇందుకే. ఇంటికొచ్చిన చుట్టాలకు ఆల్బమ్ చేతిలో పెడితే చివరి పేజీ దాకా చూస్తారు.

మీ ఫొటోలు నేను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడం గురించి ఒకరిద్దరు మొహమాటపడుతూ అడిగారు. మొహమాటం అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. అంటే అడగాల్సింది నేను. ఇకపై ఏ ఫొటో పెట్టాలన్నా ఆ ఫొటో మీకు చూపించి, మీరు సరేనన్నాకే పెడతాను. పిల్లల ముఖాలు మీరు ఒప్పుకున్నా పెట్టను.

వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్, రామప్ప దగ్గర ఫ్యామిలీ ఫొటోలు అడిగేవాళ్లకు రెండు మాటలు. ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, ట్రైపాడ్, లైట్లు పెట్టి తీయాలంటే ముందస్తు అనుమతి కావాలి. కాబట్టి అక్కడ చేతి కెమెరాతోనే తీస్తాను, గుడికి వచ్చిన భక్తులకు అడ్డం రాకుండా. పొద్దున్నే రావాలి. వేయి స్తంభాల గుడిలో నల్లగా మెరిసే ఆ స్తంభాల ముందు నిలబడేటప్పుడు లేత రంగు బట్టలు బాగుంటాయి. రాయి నలుపు చూసి కెమెరా చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది, ముఖాలు మరీ తెల్లగా వస్తాయి. దాన్ని సరిచేసుకోవడం నా పని, కానీ ఎర్రటి ఎండలో పన్నెండింటికి వస్తే నేను కూడా ఏమీ చేయలేను.

పెత్రమాస నుంచి సద్దుల బతుకమ్మ దాకా సాయంత్రాలు బుకింగ్‌లు తీసుకోను. ఆ తొమ్మిది రోజులూ నాకోసం నేను తీసుకుంటాను. తంగేడు పసుపూ, రంగులద్దిన గునుగూ, పొద్దు వాలాక చప్పట్ల మధ్య తిరిగే ముఖాలూ, ఇవి తీయడానికే నేను కెమెరా కొనుక్కున్నాను. ఆ ఫొటోలు అమ్మను. ఎవరిది తీస్తే వాళ్లకు పంపిస్తాను.

రేటు: నాలుగు గంటల ఫంక్షన్‌కు ఇప్పటిదాకా 9,000 రూపాయలు, శ్రావణం నుంచి 12,000. ఇందులో ప్రింట్లూ ఆల్బమూ కలిసే ఉంటాయి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే, కొత్త పద్ధతే. అడ్వాన్స్ 3,000. ఇంట్లో మైల వచ్చి ఫంక్షన్ వాయిదా పడితే అది అలాగే ఉంటుంది, కొత్త తేదీకి వాడుకోవచ్చు.

పాత కస్టమర్లు ఇది గమనించండి. రెండేళ్లు దాటిన ఫొటోలున్న డిస్కులను దసరా తర్వాత ఖాళీ చేయడం మొదలుపెడతాను. ఆలోపు ఏ ఆదివారమైనా పొద్దున 10 నుంచి 1 గంట మధ్య హార్డ్ డిస్క్ తీసుకుని రండి, మీ ఫంక్షన్ మొత్తం ఉచితంగా కాపీ చేసిస్తాను. రాలేనివాళ్లు ఫంక్షన్ నెల, ఊరు మెసేజ్ పెడితే, ఆ ఫోల్డర్ తీసేయకుండా పక్కన పెడతాను. ఇంట్లో పెద్దవాళ్ల ఫొటో ఒక్కటే కావాలన్నా చెప్పండి, వెతికి పంపిస్తాను.