కేమ్ నదిలో గడ పట్టిన రోజు

కేంబ్రిడ్జ్,
జూన్ నెల, ఆదివారం రాత్రి.

పూజ్యులైన నాయనకు, అమ్మకు నమస్కారములు.

నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. ఫోనులో చెప్పుకోదగిన సంగతే అయినా, అరచేతులు ఇంకా మండుతుండగానే మీకు వివరంగా రాయాలనిపించింది.

ఈ రోజు నలుగురు మిత్రులం కలిసి కేమ్ నదిలో పడవ మీద పొద్దంతా గడిపాము. నది అన్న మాటే గాని, మన కృష్ణమ్మ ముందు ఇది ఒక కాలువంతే. ఈ ఒడ్డున మాట్లాడితే ఆ ఒడ్డుకు వినబడుతుంది. ఇక్కడి పడవను పంట్ అంటారు. అడుగు చదునుగా, సుమారు 24 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంటుంది. దీనికి తెడ్డు కాదు, గడ ప్రధానం. పడవ చివర చెక్క మీద నిలబడి, గడను నిట్టనిలువుగా నీళ్లలోకి జారవిడిచి, అది అడుగును తాకగానే బలంగా నెట్టి, పడవ సాగుతుండగా దానినే చుక్కానిలా వెనుక తేలనివ్వాలి.

మొదట, 1749లో కట్టి, ఆ తరువాత అదే తీరున తిరిగి నిర్మించిన కొయ్య వంతెన కింద నుంచి వెళ్లాము. దానిలో వంపు తిరిగిన దూలం ఒక్కటీ లేదు. అన్నీ తిన్నని దూలాలే, వాటిని అమర్చిన తీరు వల్ల దూరానికి విల్లులా కనిపిస్తుంది. తరువాత 1640 నాటి క్లేర్ కాలేజీ రాతి వంతెన దాటి ట్రినిటీ కాలేజీ దగ్గర, నీళ్ల మీదికి వాలిన విల్లో చెట్టు నీడలో పడవ ఆపి, అమ్మ పంపిన సకినాలు పంచుకున్నాము. శ్రీనివాస రామానుజన్ 1914లో వచ్చి చేరింది ఆ కాలేజీలోనే అని మిత్రుడు చెప్పగా, అందరం కాసేపు మౌనంగా ఆ గోడల వైపు చూస్తూ ఉండిపోయాము.

తిరుగు దారిలో గడ నా చేతికి వచ్చింది. నాలుగైదు సార్లు బాగానే నెట్టాను. ఆ తరువాత గడ మొన బురదలో దిగబడింది. నేను దానిని వదలలేదు, పడవ ఆగలేదు. ఒళ్లు ముందుకు సాగి, కాళ్లు చెక్క మీద నుంచి జారుతున్నప్పుడు "వదిలెయ్" అని మిత్రులు అరిచారు. వదిలేశాను. గడ నది నడుమ ఒంటరిగా నిలిచింది; చిన్న తెడ్డుతో వెనక్కి వెళ్లి, దానిని కొద్దిగా మెలితిప్పి పైకి తీసుకున్నాము.

ఆ క్షణాన మీ మాటే చెవిలో పడింది నాయనా. పంచదేవపహాడ్ రేవులో కృష్ణమ్మ నడుమనున్న కురువపురం దీవికి పోయే భక్తులను మన గుండ్రని పుట్టిలో ఎక్కించుకున్నప్పుడు, ప్రవాహం పుట్టిని గిరగిరా తిప్పుతుంటే, "నీళ్లతోటి కొట్లాడొద్దు బిడ్డా, అవి ఎటు పోతున్నయో చూసి తెడ్డెయ్యాలె" అనేవారు. నేను అంచు పట్టుకుని కళ్లు మూసుకునేవాణ్ని. తెడ్డు అడిగితే, పుస్తకం పట్టుకొమ్మని మీరు ఒక్కనాడూ ఇవ్వలేదు. ఆ పుస్తకమే నన్ను ఇంత దూరం తెచ్చింది. అయినా మీ చేతి పని నాకు రాకుండా పోయిందన్న బాధ ఈ రోజు నీళ్ల మీద నిలబడినప్పుడు బాగా తెలిసింది.

సంక్రాంతికి నెల రోజుల సెలవు పెట్టుకుని వస్తున్నాను. పుట్టిని ఎవరికీ అమ్మకండి. అడుగున తారు పూయించడానికి డబ్బు పంపుతాను. ఈసారి తెడ్డు నా చేతికి ఇచ్చి, మీరు ఎదురుగా కూర్చోండి.

ఇట్లు,
మీ కుమారుడు.