మా బిల్డింగును కూలగొట్టనివ్వనురా

ఒరేయ్ శీనూ,

ఫోన్లో చెబితే సగం మర్చిపోతానని ఉత్తరం రాస్తున్నా. మొన్న మా బిల్డింగు వాళ్ళందరం కూర్చున్నాం. సగంమంది బిల్డరుకి ఇచ్చేద్దామంటున్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

నీకు గుర్తుందిగా, 1960ల్లో కట్టిన మూడంతస్తులు. మూలమీద గుండ్రంగా తిరిగే బాల్కనీలు, మెట్ల పక్కన కింద నుంచి పైదాకా సిమెంటు జాలీ. మే నెలలో మధ్యాహ్నం కూడా ఆ మెట్ల మీద కూర్చుంటే గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగులుతుంది. 2013లో ఫైలిన్ తుఫాను అక్కడే తీరం దాటింది కదా, మా బరంపురంలో చెట్లు వరసగా పడిపోతే మాకు పోయినవి కిటికీ అద్దాలు మాత్రమే!

పెచ్చులూడుతున్నాయి కాబట్టి బిల్డింగు పని అయిపోయిందట. కాంక్రీటులో క్షారగుణం ఉన్నంతకాలం లోపలి ఇనుప చువ్వకి మామూలుగా తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ళ తరబడి ఇంకి ఆ గుణాన్ని తగ్గిస్తుంది, దానికి తోడు మాకు సముద్రపు ఉప్పు కూడా చువ్వని తినేస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి పైనున్న పెచ్చును నెట్టేస్తుంది. మా మేస్త్రి ఒక బాల్కనీ కింద సుత్తితో తట్టి చూశాడు. డొల్లగా మోగినచోటల్లా చెక్కేసి, చువ్వని మెరిసేదాకా గీకి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు పూశాడు. చెయ్యి పెట్టి చూస్తే రాయిలా ఉంది. అయితే ముందు డాబా మీది నీళ్ళు దిగకుండా ఆపాలి, లేకపోతే ఇదంతా దండగ. స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి బీములు పనికిరావంటే అప్పుడు నేనూ నోరెత్తను. ఎవరూ చూడకుండానే కూలగొడదామంటేనే నా బాధ.

పాత వైర్లకి ఎర్త్ లేదు, ఏసీ, గీజరు కలిపి వేస్తే ఫ్యూజు పోతుంది, నిజమే. రెండో అంతస్తు మామ్మగారికి లిఫ్టు కావాలి, అదీ నిజమే. వెనక సందులోంచి కొత్త పైపులు, వైర్లు, లిఫ్టు అన్నీ పైకి తీసుకుపోవచ్చు. ఏసీ డబ్బాలూ అటే. జాలీ పగలగొట్టి ఏసీ పెట్టడం మాత్రం నాకు సుతరామూ ఇష్టం లేదు.

కోటో గుడో అయితే వారసత్వం అంటారు, సిమెంటు బిల్డింగయితే పాతదంటారు. మీ ముంబైలో ఓవల్ మైదానం పక్కన, మెరీన్ డ్రైవ్ మీద ఉన్న 1930ల నాటి అపార్ట్‌మెంట్లని 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కదా, జనం ఇప్పటికీ వాటిలో కాపురాలుంటున్నారు. ఫ్రాన్సులో మార్సే నగరంలో లె కార్బూజియే అనే ఆర్కిటెక్టు 337 ఇళ్ళతో కట్టిన కాంక్రీటు భవనం 1952లో పూర్తయింది, 2016లో అదీ జాబితాకెక్కింది. మాది అంతటిదని అనను. కానీ ఇలాంటిది మా ఊళ్ళో మళ్ళీ ఎవరు కడతారురా?

కింద ఫ్లాటు ఒడియా మాస్టారు నా వైపే ఉన్నారు. ఆదివారం మళ్ళీ మీటింగు. ఈలోగా నువ్వు మెరీన్ డ్రైవ్ వెళ్ళి మరమ్మతు చేసిన బాల్కనీల ఫోటోలు దగ్గరగా తీసి పంపు. ఏసీలు ఎక్కడ పెట్టారో, పైపులు ఎటు దింపారో బాగా కనిపించాలి. మావాళ్ళు నా మాట కంటే ఫోటోని నమ్ముతారు.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
రాము